తెల్ల దిండ్ల వారం

తిరుపతిలో ఇల్లు కట్టుకునేటప్పుడు మూడు గదులు చాలని మేస్త్రీకి చెప్పాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మీకు సుట్టాలు లేరా సార్?" అని అడిగాడు. ఉన్నారన్నాను. "అయితే సాలవు" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో గృహప్రవేశం నాడే తెలిసింది. పాలు పొంగాయో లేదో, వచ్చినవాళ్ళలో సగం మంది "ఎట్లా ఇంత దూరం వచ్చినాం గదా, కొండకు పోయొస్తాం" అని సంచులు మా కొత్త హాలులో పడేసి అలిపిరి దారి పట్టారు. అప్పటి నుంచి ఆ హాలులో ఎవరివో సంచులు లేని రోజు లేదు. మనుషులు మారతారు, ఊళ్ళు మారతాయి, సంచి మీద ఆరేసిన తడి పంచె మాత్రం మారదు.

తిరుపతివాళ్ళకు ఒక జబ్బుంది. ఫోనులో ఎవరైనా "కొండకు వస్తా ఉండాం" అంటే చాలు, మెదడును అడగకుండానే నోరు "రాండి, ఇంటికే రాండి" అనేస్తుంది. డాక్టరు మోకాలి మీద సుత్తితో తడితే కాలు లేచినట్టు. వచ్చేది ఎవరో, ఎంతమందో, ఎన్నాళ్ళో ఆ తర్వాత తెలుస్తుంది. కరోనా కాలంలో కొండమీద దర్శనమే ఆపేశారు గానీ మా ఇంటి దర్శనం ఆగలేదు. బంగారుపాళ్యంలో మామిడితోటలున్న మా పెద్దమ్మ కొడుకు, మా వొదినను వెంటబెట్టుకుని ఒక్క పూటకని వచ్చాడు. బస్సులు నిలిచిపోయాయి. అన్న లాక్‌డౌన్ మొత్తం మా ఇంట్లోనే చేశాడు. ఇప్పటికీ ఆ రోజులను తలుచుకుని "ఎంత బాగుండె తమ్ముడా" అని నిట్టూరుస్తాడు.

ఈ భారమంతా మా ఆవిడది. నాది నోరు మాత్రమే. పెళ్ళయిన నాటి నుంచి ఆమె కలిపిన కాఫీని ఒకచోట పోస్తే కల్యాణి డ్యాము గేట్లు ఎత్తాల్సి వస్తుంది. దర్శనానికి పోయేవాళ్ళకు పోకముందు ఒక కాఫీ, వచ్చినవాళ్ళకు వచ్చాక ఒక కాఫీ, దర్శనం దొరకనివాళ్ళకు ఓదార్పు కాఫీ. ఆమె మాత్రం పొయ్యి దగ్గర నిలబడి, ఒక కంటితో పాలు చూస్తూ, చల్లారిపోయినది గటగటా మింగేది. దీనికి తోడు దిండ్లు. భక్తులు గుండు కొట్టించుకుని, నున్నటి తలకు గంధం దట్టంగా పూసుకుని, ఆ తలను నేరుగా తెచ్చి మా దిండ్ల మీద పెడతారు. మా ఇంట్లో దిండు గలీబులన్నీ పసుపు రంగువే. కొన్నప్పుడు తెల్లవి. ఏ సబ్బూ ఆ గంధాన్ని ఏమీ చేయలేకపోయింది.

ఆమె కోరిక ఒక్కటే. ఎవరూ రాని ఒక పొద్దున, ఇంకెవరో కలిపిన కాఫీ చేతికి అందుకుని, కూర్చుని, ఏదో ఒకదాన్ని చూస్తూ వేడివేడిగా తాగాలి.

"ఏదో ఒకటంటే ఏంది?" అని అడిగాను ఒకసారి.

"సముద్రమయితే బాగుంటాది. దానికి కాఫీ ఇయ్యాల్సిన పన్లే" అంది.

అందుకే నేను టైమ్‌షేర్‌లో చేరాను. ఒక కల్యాణమండపంలో ఉచిత భోజనమని పిలిచి, పాయసం గొంతులో ఉండగానే సంతకం పెట్టించుకున్నారు. సముద్రపు ఒడ్డున మహా పెద్ద రిసార్టు, అందులో ఏటా ఒక వారం మనదేనట. మనం పోయాక కూడా మన వారసులదేనట. బతికుండగా దొరకడమే కష్టమని మాత్రం చెప్పలేదు. సభ్యులను వజ్రాలు, కెంపులు, ముత్యాలు అని విడగొట్టారు. మేము ముత్యాలం. వజ్రాలు చలికాలంలో పోతాయి, కెంపులు దసరా సెలవులకు పోతాయి, ముత్యాలు ఎండల్లో పోతాయి. యాప్‌లో తేదీలు నొక్కీ నొక్కీ నా బొటనవేలి గీతలు అరిగిపోయి, రేషను దుకాణంలో వేలిముద్ర పడని స్థితికి వచ్చాక, ఈ మధ్య ఒక మే నెలాఖరులో, రోడ్డు మీద తారు పొంగే రోజుల్లో మా వారం మాకు దొరికింది.

మా ఆవిడ రెండు షరతులు పెట్టింది. "ఎవురికీ సెప్పబాకండి. ఆడికి పోయినాక ఫోనెత్తబాకండి."

దొంగతనానికి పోయేవాళ్ళలా తెల్లవారకముందే ఇంటికి తాళం వేసి, గేటు చప్పుడు కాకుండా మూశాం. అయినా పక్కింటామె ముగ్గుగిన్నెతో ఎదురై "యాడికి?" అంది. మా ఆవిడ తడుముకోకుండా "వేలూరు ఆస్పత్రికి" అని చెప్పింది. ఆస్పత్రికి అంత సంతోషంగా పోయే మనిషిని పక్కింటామె అదివరకు చూసి ఉండదు. తడ దాటి తమిళనాడులో పడ్డాక మా ఆవిడ కారు అద్దం దించి గుండెల నిండా గాలి పీల్చుకుంది. "ఇంక ఎవురూ రాలేరు" అంది.

చెన్నై దాటి ఇంకా కిందికి పోతే ఆ రిసార్టు. దాన్ని కట్టినవాడికి ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పినట్టు లేదు. గేటు ఒక జిల్లాలో, ఈత కొలను ఇంకో జిల్లాలో ఉన్నాయి. గేటు దగ్గర ఫోనులో క్యూఆర్ కోడ్ అనే చుక్కల గడి చూపించమన్నారు. నా ఫోను ఎండకు అలిగి తెరుచుకోలేదు. అది తెరుచుకున్నాక సెక్యూరిటీ అతని ఫోను అలిగింది. రెండు ఫోనులూ ఒక మాట మీదికి వచ్చేసరికి మా కారులో తెచ్చుకున్న పెరుగన్నం పులిసింది.

రిసెప్షనులో వరుస చూడగానే మాకు ఊరు వదిలి వచ్చామన్న భ్రమ పోయింది. అచ్చం కొండమీది కంపార్టుమెంటే. అక్కడ అయితే నిలబడినవాళ్ళకు పాలన్నా ఇస్తారు, ఉప్మా అన్నా పెడతారు. ఇక్కడ ఒక చల్లటి తడిగుడ్డను చుట్టచుట్టి పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. అది మొహం తుడుచుకోవడానికట. మా ఆవిడకు అలవాటు ఎక్కడికి పోతుంది, ఆ గుడ్డతో కౌంటరు బండను శుభ్రంగా తుడిచి, పిండి, ఆరేయడానికి చోటు కోసం చూసింది. కౌంటరులోని అమ్మాయి ఆ గుడ్డను రెండు వేళ్ళతో అందుకుని, మా ఇద్దరి చేతులకూ పీకినా రాని కాగితం కడియాలు తగిలించింది.

గదికి తీసుకుపోవడానికి బ్యాటరీ బండి వస్తుందన్నారు. అది వస్తుందని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. మేము నడిచాం. దారిలో బాణం గుర్తులు ఉన్నాయి. ప్రతి బాణమూ ఇంకో బాణాన్ని చూపించేది. ముత్యాలవాళ్ళ భవనం సముద్రానికి ఎంత దూరమంటే, ఇంకో నాలుగు అడుగులు వేస్తే తిరుపతి బస్సు దొరికేది.

గది తలుపు తీయగానే మాత్రం నా కోపం సగం దిగింది. లోపల ఒక చిన్న హాలు, అందులో పరుపుగా మారే సోఫా, ఒక మూల చిన్న వంటగట్టు, దాని మీద కరెంటు పొయ్యి, కెటిలు. తలుపు పక్క గోడకున్న చీలికలో తాళం కార్డును దోపితేనే కరెంటు. కార్డు తీస్తే లైటు, ఏసీ, కెటిలు అన్నీ ఒకేసారి చస్తాయి. పడకగదిలో పెద్ద మంచం, దాని మీద తెల్లటి దిండ్లు. అలాంటి తెలుపు మా ఆవిడ పాలలో తప్ప ఎక్కడా చూడలేదు. ఒక దిండును ఎత్తి వాసన చూసింది. మళ్ళీ చూసింది. "ఇదో, గంధం వాసనే లేదు" అంది. నా కోపం సగం దిగింది ఆ మొహం చూసే.

బాల్కనీ తెర తీయగానే ఆ సగమూ తిరిగి వచ్చింది. ఎదురుగా పక్క భవనం వీపు. ఆ వీపంతా ఏసీ యంత్రాలు. అవన్నీ మా బాల్కనీ వైపే వేడిగాలి ఊదుతున్నాయి. రిసెప్షనుకు ఫోను చేస్తే, "సముద్రం కనిపించదు గానీ వినిపిస్తుంది సార్" అన్నారు. నిజమే, ఏదో హోరు వినిపిస్తోంది. అది ఆ యంత్రాల హోరని తెలిసేసరికి వారం సగం గడిచిపోయింది.

"సముద్రం కనపడే గదికి మార్చండి" అని నేను పట్టుబట్టాను. మరుసటి పొద్దున సభ్యుల సమావేశానికి వస్తే చూస్తామన్నారు. కాఫీ అక్కడే ఇస్తారట. మా ఆవిడ ఆ మాట విని, మంచి చీర తీసి కుర్చీ మీద పెట్టుకుని పడుకుంది.

సమావేశం గదికి కిటికీలు లేవు. టై కట్టుకున్న ఒక యువకుడు మమ్మల్ని కూర్చోబెట్టి, మా ముందర ఉన్న బిస్కెట్ల పళ్ళేన్ని మాకు అందనంత దూరం జరిపి, గోడ మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. కాఫీ ఏదని మా ఆవిడ చూపులతోనే అడిగింది. "చివర్లో మేడమ్" అన్నాడు. ముత్యాల నుంచి కెంపులకు మారితే సముద్రం కనిపించే గది తప్పకుండా వస్తుందని చెప్పాడు. నేను వద్దన్నాను. అతను వినిపించుకోలేదు. వద్దనేవాళ్ళతోనే అతనికి ఎక్కువ అభ్యాసమున్నట్టుంది. నన్ను వదిలి మా ఆవిడ వైపు తిరిగాడు.

"మేడమ్, సెలవంటే మీ కల ఏంటి? కళ్ళు మూసుకుని చెప్పండి."

ఆమె కళ్ళు తెరిచే చెప్పింది. "సుట్టాలు రాకుండా ఉండాల."

అతను చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "మా కొత్త పథకం అదే మేడమ్. చుట్టాలు మీ ఇంటికి రానక్కర్లేదు. మీరే అందరినీ ఇక్కడికి తీసుకురావచ్చు. అతిథి పాసు మేమిస్తాం. మీ అమ్మానాన్నలు, అత్తమామలు, తోడికోడళ్ళు, అందరూ మీతోపాటు ఒకే గదిలో."

మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపుకు గోడ మీద బొమ్మ కూడా ఒకసారి ఆరి వెలిగింది.

సరిగ్గా అప్పుడే నా జేబులో ఫోను మోగింది. ఎత్తకూడదని నాకు తెలుసు. కానీ ఎదురుగా ఆ టై అబ్బాయి కలం మూత తీసి నా వైపు జరుపుతున్నాడు. ఆ కలానికీ ఆ ఫోనుకూ మధ్య ఇరుక్కున్న మనిషి ఏది ఎత్తుకుంటాడు? ఫోనే ఎత్తాను. అవతల బంగారుపాళ్యం అన్న.

"ఏమి తమ్ముడా, తాళమేసుండాది. మీ పక్కింటామె ఆస్పత్రి అంటాది. నాకు కాలూ సెయ్యీ ఆడలే. ఎవురికేమయింది?"

"ఎవురికీ ఏమీ కాలేదన్నా. సముద్రం కాడికి వచ్చినాం" అన్నాను.

"మేము రాత్రే వచ్చినాం. దర్శనం బాగయింది. గుండు గూడా కొట్టిచ్చుకున్న్యా. మీ ఇంట్లో ఒక పూట పడుకొని పోదామంటే తాళం. ఈ ఎండలో మీ వొదిన గేటు కాడ మామిడికాయల బుట్ట మీద కూసోనుంది పాపం."

గేటు దగ్గర బుట్ట మీద కూర్చున్న వొదిన నా కళ్ళ ముందు మెదిలింది. ఇక నా చేతిలో ఏమీ లేదు. సుత్తి మోకాలిని తాకింది. "అయ్యో, ఈడికే రాండి" అంది నా నోరు.

"రావచ్చునా?" అన్నాడు.

"రాండన్నా. మన గదే గదా" అంది నా నోరు మళ్ళీ. ఒకసారి మొదలుపెడితే దానికి మర్యాద ఎక్కువ.

టై అబ్బాయి అప్పటికే అతిథి పాసు మీద స్టాంపు వేసి, చిరునవ్వుతో మా ముందు పెట్టాడు. పథకంలో చేరకపోయినా పరవాలేదట, రుచి చూడమని ఉచితంగా ఇస్తున్నాడట. కాఫీ యంత్రం మాత్రం చెడిపోయిందట.

బయటికి వచ్చాక మా ఆవిడ బాణాల వెంట నడుస్తూ నడుస్తూ, ఒక కొబ్బరిచెట్టు దగ్గర ఆగి, మెల్లగా అంది. "మీది నోరు కాదు, మన ఇంటి గేటు. ఎవురు తోసినా తెరుసుకుంటాది."

"రారులే. ఇంత దూరం ఎవురొస్తారు" అన్నాను.

సాయంత్రానికి వచ్చారు. అన్న కొత్త గుండు, దాని మీద గంధం, భుజాన బేనీషా మామిడిపళ్ళ బుట్ట. వెనకాల వొదిన, ఆమె చేతిలో లడ్డూల సంచి. మమ్మల్ని గేటు దగ్గర ఎండబెట్టిన ఆ సెక్యూరిటీ మనిషి, ఆ గుండును చూడగానే టోపీ తీశాడు. వొదిన తలా ఇంత లడ్డూ ముక్క చేతిలో పెట్టింది. కళ్ళకద్దుకున్నారు. చుక్కల గడి ఎవరూ అడగలేదు. మాకు ఏనాడూ కనిపించని బ్యాటరీ బండి, మా అన్నను, మా వొదినను, మామిడిపళ్ళ బుట్టను ఎక్కించుకుని, గంట మోగిస్తూ మా భవనం ముందుకు వచ్చి ఆగింది. డ్రైవరు దిగి బుట్ట లోపలికి మోశాడు. కౌంటరు అమ్మాయి గదికే ఫోను చేసి, వచ్చే నెల దర్శనానికి ఏమైనా వీలవుతుందా అని అన్నను అడిగింది. "మా తమ్ముడిల్లు ఉండాది, రాండమ్మా" అన్నాడు అన్న. జబ్బు రక్తంలోనే ఉన్నట్టుంది.

"ప్రయాణంలో నడుము పట్టుకునింది" అంటూ అన్న తిన్నగా పడకగదిలోకి పోయి, ఆ పెద్ద మంచం మీద, ఆ తెల్లటి దిండు మీద, ఆ గంధం తలను ఆనించాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. కాసేపటికి మంచం చివర నుంచి ఒక దిండును తీసుకుని బయటికి వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టిందో నేను పట్టించుకోలేదు. ఆ లోపల వొదిన, "ఏమ్మే, గొంతు ఎండుకపోతా ఉండాది, రవ్వంత కాఫీ నీళ్ళు పోయి" అంది. మా ఆవిడ వంటగట్టు దగ్గరికి పోయి కెటిలు నొక్కింది. వచ్చి ఒక్క రోజు గడిచిందో లేదో, నాకు ఇష్టమైన సోఫా మీద తడి పంచె ఆరుతోంది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయంటే, గడవలేదు. అన్నకు రిసార్టు తిండి సహించలేదు. పొద్దున పలహారం కోసం వరుసలో నిలబడి, ఒక పెద్ద మూత ఎత్తి చూసి, అందులో పుట్టగొడుగులు కనిపించడంతో, "ఇది తినేదానికి నాకేం గతి" అని వెనక్కి వచ్చేశాడు. ఆ పూట నుంచి వంటంతా మా గదిలోనే. ఆ కరెంటు పొయ్యి మీద మా ఆవిడ ఉప్మా చేసింది, రసం పెట్టింది, ఆఖరికి సంగటి కూడా కెలికింది. సంగటి కెలికే కట్టె లేక రిసార్టువాళ్ళు అలంకారానికి గోడకు తగిలించిన తెడ్డును వాడింది. ఆ పొయ్యి తన పుట్టుకకు అర్థం ఇది కాదని మాటిమాటికీ కీచుమని అరిచి ఆగిపోయేది.

సముద్రానికి ఒక్క సాయంత్రం పోయాం, నలుగురమూ. ఎర్రజెండా పాతి ఉంది, అలలు పెద్దవి, మోకాలి లోతు దాటకూడదన్నారు. అన్న పంచె ఎగ్గట్టాడు, వొదిన చీర కుచ్చిళ్ళు ఎత్తింది, నేను ప్యాంటు మడిచాను. మా చెప్పులు, ఫోనులు, వొదిన గాజులు, అన్న కళ్ళద్దాలు, అన్నీ మా ఆవిడ ఒళ్ళో పెట్టాం. వాటికి ఇసుక తగలకుండా, కుక్క ఎత్తుకుపోకుండా, ఆమె సముద్రానికి వీపు చేసి కూర్చుని కాపలా కాసింది. "రామ్మే నువ్వు గూడా" అని వొదిన నీళ్ళలోంచి పిలిచింది. "సెప్పులెవురు సూస్తారక్కా" అంది మా ఆవిడ.

తిరిగి వస్తుంటే నాతో మెల్లగా, "మనూర్లో ఉండుంటే వంటింట్లో గ్యాసన్నా ఉండును" అంది. నేను రిసెప్షను మీద, బాణాల మీద, ముత్యాల మీద నాకున్న కోపమంతా వెళ్ళగక్కాను. వాళ్ళే సముద్రం గది ఇచ్చి ఉంటే ఈ బాధ లేదన్నాను. ఆమె అంతా విని, "సముద్రం గది ఇచ్చింటే బావవాళ్ళు సముద్రం జూస్తా కాఫీ తాగుతాండ్రి. అంతేగదా తేడా" అంది. నేను బ్యాటరీ బండిని తిట్టాను.

ఆఖరి రోజు పొద్దున నాకు చెమటకు మెలకువ వచ్చింది. ఏసీ ఆగిపోయింది. గదంతా చీకటి. హాలులో సోఫా పరుపు మీద నేను ఒక్కడినే ఉన్నాను. పడకగదిలోంచి అన్న గొంతు వినిపించింది.

"తమ్ముడా, కరెంటు పోయినట్టుండాదే."

"ఈడ పోదన్నా" అంటూ లేచి, తడుముకుంటూ తలుపు దగ్గరికి పోయాను. గోడ చీలికలో కార్డు లేదు. మా ఆవిడ చెప్పులూ లేవు.

కెటిలు చచ్చి ఉంది. పొయ్యి చచ్చి ఉంది. వొదిన లేచి వచ్చి వంటగట్టును చేత్తో తడిమి చూసి, "ఇంగ కాఫీ ఎట్లబ్బా" అంది. ఎవరో చనిపోయినట్టు ముగ్గురం కాసేపు ఆ కెటిలు చుట్టూ నిలబడ్డాం. బట్టల అలమారలో టార్చి ఉంటుందేమోనని నేను తలుపు తీశాను. పైఅరలో చీరల వెనక దాచిన దిండు ఒకటి నా చేతికి తగిలింది. బయటికి తీసి, ఫోను వెలుతురులో చూశాను. తెల్లగా ఉంది. మచ్చ లేదు. మళ్ళీ అక్కడే పెట్టేశాను.

ఆమెను వెతకడానికి బయలుదేరాను. బాణాలు నన్ను ముందు ఈత కొలనుకు, తర్వాత బట్టలుతికే గదికి, ఆ తర్వాత ఆ కిటికీలు లేని సమావేశం గదికే తీసుకుపోయాయి. చివరికి బాణాలను నమ్మడం మాని, గాలి వస్తున్న వైపు నడిచాను. రిసార్టు గోడ సముద్రం దగ్గర ఆగిపోతుంది. ఆ చివరన చిన్న గేటు ఉంది, దాని అవతల ఒక పెద్దావిడ నడిపే టీ అంగడి, ముందర ఒక బెంచీ. బెంచీ మీద మా ఆవిడ.

రెండు చేతులతో గాజు గ్లాసు పట్టుకుని ఉంది. గ్లాసులోంచి పొగలు వస్తున్నాయి. సూర్యుడు అప్పుడే నీళ్ళలోంచి పైకి వచ్చాడు. ఆమె అటే చూస్తోంది. నేను వచ్చింది తెలుసు, తల తిప్పలేదు.

"కార్డు నీ దగ్గరుండాదా?" అన్నాను.

నడుము దగ్గర చెంగును తట్టింది. "ఉండాది."

"ఇయ్యి. ఆడ చీకట్లో ఉండారు."

"కాఫీ అయిపోనీండి."

ఒక గుటక తాగింది. గ్లాసులో ముప్పాతిక మిగిలి ఉంది. ఆ వేగంతో తాగితే రిసార్టులో మా వారం అయిపోయి కెంపుల వారం మొదలవుతుంది. ఏదో అనబోయాను. ఫోను మోగింది. అన్న.

"యాడుండారు తమ్ముడా? సముద్రం కాడనా? మేము గూడా..."

నా నోరు తెరుచుకోవడం నాకే తెలిసింది. ఆ మొదటి అక్షరం నాలుక మీదికి వచ్చేసింది కూడా. మా ఆవిడ గ్లాసు కింద పెట్టకుండానే ఇంకో చేత్తో ఫోను లాక్కుంది.

"బావా, నేను. ఈడ కాఫీ బాగుండాది. మీరు ఎండలో నడవబాకండి. మీ తమ్ముడు తెస్తాండాడు" అని చెప్పి, పెట్టేసి, ఫోను నా చేతిలో పెట్టింది. టీ అంగడి పెద్దావిడతో తమిళంలో మూడు కాఫీలు కట్టివ్వమంది. ఆవిడ పొగలు కక్కే కాఫీని ప్లాస్టిక్ కవరులో పోసి, మూతికి దారం బిగించి నాకు ఇచ్చింది. వేలికి తగిలించుకుంటే కాలుతోంది, వదిలితే పగులుతుంది.

"కార్డు?" అన్నాను మళ్ళీ.

"కాఫీ తాగేదానికి కరెంటెందుకు?" అంది.

ఆ కవరును దీపంలా పట్టుకుని, రిసార్టు పొడవునా నడిచాను. చిన్న గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి బయటి తిండి లోపలికి తేకూడదని ఆపాడు. ఇది తిండి కాదు, తాగేదన్నాను. తాగేది అసలే తేకూడదన్నాడు. నేను ఎవరినో, ఏ రత్నాన్నో చెప్పాను. కదల్లేదు. చివరికి నా మొహం పరీక్షగా చూసి, "లడ్డూ సార్ తమ్ముడా మీరు?" అన్నాడు. అవునన్నాను. వదిలేశాడు.

గదిలో అన్న, వొదిన బాల్కనీ తలుపు తీసి, ఏసీ యంత్రాల వేడిగాలికి ఎదురుగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను వంటగట్టు మూల చీకట్లో కప్పులు వెతికి, దారం కొరికి, కాఫీ పంచాను. సగం నా చొక్కాకు దక్కింది. వొదిన ఒక గుటక తాగి, "ఇది మన చెల్లెలు కలిపినట్టు లేదే" అంది. అన్న ఎదురుగా హోరుమంటున్న గోడను చూస్తూ, "అయినా సముద్రం సప్పుడు బాగుండాది" అన్నాడు. తాగాక కప్పులు అక్కడే పెట్టారు. కాసేపు ఆ కప్పుల వైపు చూసి, నేనే కడిగాను.

మా ఆవిడ వచ్చేసరికి ఎండ ముదిరి, మేము బాల్కనీ తెర మూసేశాం. చెప్పులు విదిల్చి ఇసుక దులిపింది. కార్డు తీసి చీలికలో దోపింది. లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి, అన్న గుండు తళుక్కుమంది, మేము ముగ్గురం కళ్ళు చికిలించాం.

"యాడికి పోయినావమ్మా?" అన్నాడు అన్న.

"సముద్రం కాడికి బావా."

"సెప్పుంటే మేము గూడా వస్తాంటిమి గదా."

"అందుకే సెప్పలే" అంది.

అన్న పెద్దగా నవ్వాడు. ఆమె ఏనాడూ అంత బాగా హాస్యమాడలేదని దారి పొడవునా, తడలో టిఫినుకు ఆగినప్పుడు కూడా, చెప్పి చెప్పి నవ్వాడు. మా ఆవిడ నవ్వలేదు.

ఆ కార్డు వాపసు ఇవ్వలేదని రిసార్టువాళ్ళు నాకు ఇప్పటికీ మెసేజీలు పంపుతున్నారు. అది మా వంటింట్లో, పొయ్యి పైన మేకుకు వేలాడుతోంది. మా ఇంట్లో దాన్ని దోపడానికి చీలిక లేదు, అది తీస్తే ఆరిపోయే దీపమూ లేదు. కానీ కొన్ని పొద్దుల్లో లేచి చూస్తే ఆ మేకు బోసిగా ఉంటుంది. అంటే మా ఆవిడ తిరుచానూరు దారిలో, పూలవాళ్ళు కూర్చునే వరుసకు ఎదురుగా ఉన్న కాఫీ అంగడికి పోయిందని అర్థం. హాలులో లేచినవాళ్ళకు ఆ పూట నేనే కలపాలి.

నా కాఫీ తాగాక చుట్టాలు తగ్గుతారని ఆశపడ్డాను. తగ్గలేదు. చక్కెర తమ సంచుల్లోనే తెచ్చుకుంటున్నారు.